కుర్చీ రీడింగులు

జూన్ 9

చిన్నా,

మీ బావని నిన్న ఇంటికి తెచ్చాను. తొమ్మిది రోజులు ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని నా నడుము ఆ బెంచీ ఆకారానికే వచ్చేసింది. ఫోన్లో "బాగానే ఉన్నారు" అని చెప్పాను కదా, అది ఆయన వింటుండగా చెప్పిన మాట. ఫోను ఆయన మంచం తలవైపే ఉంటుంది. ఉన్నవి రెండే గదులు. ఆయన చెవుల సంగతి నీకు తెలుసు, సబ్‌స్టేషన్ బ్యాటరీ గదిలో ముప్పై ఏళ్లు యాసిడ్ బుడగల చప్పుడు విన్న చెవులవి. గుసగుసలాడినా దొరికిపోతాను. అందుకే ఇక అసలు సంగతులన్నీ ఉత్తరంలోనే రాస్తాను. కుట్టుమిషను బల్ల మీద కాగితం పెట్టుకుని రాస్తుంటే ఎవరివో కొలతలు రాసుకుంటున్నాననుకుంటారు.

గుండె నీరసించిందట. నెట్టాల్సిన రక్తాన్ని నెట్టలేక ఒంట్లో నీరు నిలిచిపోతోందని, కాళ్ల వాపు అందుకేనని డాక్టరమ్మ చెప్పింది. పొద్దున్నే నీరు పోయే మాత్ర ఒకటి. రోజుకి లీటరు మించి ఏదీ తాగకూడదు. పాలు, టీ, మాత్ర మింగే గుక్క కూడా ఆ లీటరులోకే వస్తాయి. పది పదిహేను రోజులకోసారి రక్తపరీక్ష.

నాకు కొరుకుడుపడని సంగతి ఒకటుంది. రక్తంలో సోడియం 129 ఉంది, 135 అన్నా ఉండాలి అంది. సోడియం అంటే ఉప్పే కదా, తిండిలో ఇంకో చిటికెడు వేస్తానన్నాను. వద్దే వద్దంది, ఉన్నది కూడా తగ్గించమంది. ఉప్పు తగ్గిందంటుంది, ఉప్పు వేయొద్దంటుంది. మళ్లీ అడిగితే నా వెనక ఇరవైమంది నిలబడి ఉన్నారు. నాకు మెడ చుట్టుకొలత, చేతి పొడుగు తప్ప వేరే కొలతలు తెలియవు. నువ్వు రోజూ ఆ యాసిడ్‌లో, కరెంటులో మునిగి తేలేవాడివి. నీకేమైనా అర్థమైతే నాకు తెలిసేలా రాయి.

ఇంట్లోకి రాగానే ఆయన మొదట అడిగింది నీళ్లే. చిన్న గ్లాసుతో ఇచ్చాను. "ఇదేంటి, కంట్లో వేసుకోవడానికా?" అన్నారు.

మరదలిని అడిగానని చెప్పు. రేపటికి ఇవ్వాల్సిన చొక్కాలు ఆరున్నాయి, ఉంటాను.

అక్క


జూన్ 16

అక్కా,

నీ ఉత్తరం నిన్న సబ్‌స్టేషన్ గేటు దగ్గర ఇచ్చారు. ఇక్కడ ఫోను మోగాలంటే నీళ్ల ట్యాంకు మెట్లెక్కి నిలబడాలి, కాబట్టి ఉత్తరాలే నయం.

ఉప్పు సంగతి చెబుతాను. మా బ్యాటరీ గదిలో యాభై అయిదు సెల్లులుంటాయి. బయట కరెంటు పోయినప్పుడు పెద్ద స్విచ్చులు పడాలంటే వీటిలో దాచిన బలమే దిక్కు. రోజూ ఒక్కో సెల్లులోంచి గాజు గొట్టంతో యాసిడ్ పీల్చి, ఎంత చిక్కగా ఉందో చూసి పుస్తకంలో రాస్తాం. ఒక సెల్లులో నీళ్లు ఎక్కువ పోశామనుకో. పైకి నిండుగా కళకళలాడుతుంది. గొట్టం పెట్టి చూస్తే అంకె పడిపోయి ఉంటుంది. యాసిడ్ ఎక్కడికీ పోలేదు, నీళ్లలో పలచబడిందంతే. బావ ఒంట్లో ఉప్పు కూడా అంతే. ఉప్పు పోలేదు, నీళ్లు ఎక్కువయ్యాయి. పైనుంచి ఇంకా ఉప్పు వేస్తే అది ఇంకాస్త నీటిని పట్టి కూర్చుంటుంది. కాబట్టి తగ్గించాల్సింది నీళ్లే. మా కాంపౌండరుకి ఇదంతా చెబితే నవ్వాడు గానీ తప్పనలేదు.

నువ్వు ఒక పుస్తకం పెట్టు. గీతలు గీసిన కాగితాలు ఇందులో పెట్టాను: తేదీ, తాగింది, మూత్రం పోసింది, బరువు. రాయడం గురించి బావ నాకు మొదటిరోజే చెప్పినవి నీకూ చెబుతున్నాను. చూసి రాయాలి. కుర్చీలోంచి లేవకుండా నిన్నటి అంకెల్ని చూసి ఇవాళ్టివి అల్లేస్తే దాన్ని మావాళ్లు కుర్చీ రీడింగు అంటారు. "నిజమైన అంకెలు ఒకదాని మాట ఒకటి వినవురా, కుర్చీ రీడింగులైతే బడిపిల్లల్లా వరసలో నిలబడతాయి" అనేవారు బావ. ఇంకొకటి. తప్పు రాస్తే పేజీ చింపకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి.

బావ గొణిగితే ఇది తమ్ముడి ఆర్డరని చెప్పు. ముప్పై ఏళ్లు నా మీద పెత్తనం చేశారు, ఇప్పుడు నా వంతు.

నీ తమ్ముడు


జూలై 1

చిన్నా,

పుస్తకం మొదలుపెట్టాను. పాత కొలత టేపు ముక్క కత్తిరించి సీసాకి అంటించి, లీటరుకి గీతలు పెట్టుకున్నాను. మీ బావ ఆ సీసా కేసి చూసి, "దీనికి జాకెట్టు కూడా కుట్టావేం" అన్నారు. ఇప్పుడు నన్ను పేరు పెట్టి పిలవడం మానేశారు. "ఇన్‌చార్జి గారూ, ఒక గుక్క శాంక్షన్ చేస్తారా?" అంటారు. మొదటి నాలుగు రోజులు నవ్వాను.

నోరు పుక్కిలిస్తానంటారు. లోపలికి వెళ్లిన నీళ్లు బయటికి రావు. కింద తాళాల దుకాణంవాళ్లు బకెట్టు కుళాయి కింద పెడితే చాలు, మీ బావ మాట్లాడుతున్నది ఆపేసి వింటారు. బకెట్టు నిండేదాకా మళ్లీ మాట్లాడరు. ఆయన అటు చూస్తుంటే నేను మిషను తొక్కుతాను. కుట్టు వంకర పోతోంది చిన్నా. నిన్న ఒక చొక్కాకి రెండు చేతులూ కుడివైపువే కుట్టాను.

పదిరోజుల లెక్క పంపుతున్నాను. 1060, 980, 1150, 940, 1010, 1120, అలా ఉంది. బరువు 61. సోడియం 126కి దిగింది. పొటాషియం అని ఇంకొకటి, అది 3.2. నీరు పోయే మాత్ర నీళ్లతోపాటు దాన్నీ తోడేస్తోందట. దానికొక సిరప్పు ఇచ్చారు. అది తాగిన మొహం చూస్తే నాకే నాలుక పీకుతుంది.

పుస్తకం మాత్రం సరిగ్గా రాస్తాను, నువ్వు బెంగపడకు. పుస్తకం సరిగ్గా రాయకపోతే ఏమవుతుందో ఈ ఇంట్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఇరవై రెండేళ్ల కిందట తప్పుడు అంకెల కింద ఆయన పెట్టిన ఆ ఒక్క సంతకం వల్ల కదా మెమో వచ్చిందీ, చేతికందిన ఇన్‌చార్జి ఉద్యోగం తన కిందవాడికి పోయిందీ. ఆ మాట నిన్న మళ్లీ అన్నాను. "ఆనాడు బద్ధకించినట్టు నేను బద్ధకించను" అని. ఆయన ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏమీ అనరు, అదే నాకు ఒళ్లుమంట.

ఉంటాను. సిరప్పు వేళయింది.

అక్క


జూలై 9

అక్కా,

నీ అంకెలు చూసి ముచ్చటేసింది. ఒక్కటీ ఇంకోదాని మాట వినలేదు. బావ చేతికిస్తే ఆయనే మెచ్చుకుంటారు.

కానీ ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. పదిరోజుల్లో ఎన్నిసార్లు వెయ్యి దాటిందో చూశావా? లీటరు అంటే లీటరే. నీకు ఆయన మీద జాలి పెరిగినకొద్దీ ఆయన ఒంట్లో నీరు పెరుగుతుంది. గుండె కొట్టుకోవడం కూడా ఒకరకంగా కరెంటు పనే. ఒంట్లో ఉప్పులు కణాల లోపలికీ బయటికీ కదులుతుంటేనే ఆ కరెంటు పుడుతుంది. సోడియం పలచబడితే మెదడు మందగిస్తుంది, పొటాషియం తగ్గితే గుండె లయ తప్పుతుంది. ఇది ఆషామాషీ కాదు. ఇకమీద ఒక్కరోజు కూడా వెయ్యి దాటిన అంకె నాకు కనిపించకూడదు.

ఆ మెమో సంగతి ఇప్పుడెందుకు తవ్వుతావు? జబ్బుమనిషి. వదిలెయ్.

ఇక్కడ ఎండలు. రబ్బరు ఆప్రాను కట్టుకుంటే ఒళ్లు ఉడికిపోతోంది. నువ్వు కుట్టిచ్చిన పాత చొక్కాలే డ్యూటీకి వేసుకుంటున్నాను, యాసిడ్ చిల్లులు పడి జల్లెడలా ఉన్నాయి.

నీ తమ్ముడు


జూలై 24

చిన్నా,

నువ్వు చెప్పినట్టే రాసి పంపుతున్నాను. జూలై 10 నుంచి 23 దాకా, పద్నాలుగు రోజులు, రోజుకి 1000. ఒక్కటీ దాటలేదు. నీకు తృప్తిగా ఉంటుందనుకుంటాను.

బరువు 64 అయింది. సోడియం 123. డాక్టరమ్మ పుస్తకాన్ని రెండుసార్లు తిరగేసింది. "లీటరే తాగుతుంటే ఇలా జరగకూడదే. మాత్ర చాలడం లేదేమో" అని నీరు పోయే మాత్రని రెండింతలు చేసింది.

నిన్న మధ్యాహ్నం మూడింటికి మీ బావ చొక్కా తొడుక్కుని, టిఫిను డబ్బా కోసం వెతుకుతున్నారు. డ్యూటీకి టైమైందన్నారు. రిటైరై ఆరేళ్లయిందని చెబితే నా మొహంలోకి చూసి, "ఛార్జింగు ఎవరు ఆపారు?" అని అడిగారు. చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టాను. గుండీలు విప్పుతుంటే ఒకటి నా చేతిలోకి ఊడొచ్చింది. పొద్దస్తమానం గుండీలతోనే బతికే మనిషిని.

కాసేపటికి మళ్లీ మామూలయ్యారు. ఏం జరిగిందో ఆయనకు గుర్తులేదు. నేనూ చెప్పలేదు.

అలసిపోయాను. ఇంకేం రాయలేను.

అక్క


జూలై 29

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పద్నాలుగు రోజులు వెయ్యి తాగిన మనిషి మూడు కిలోలు పెరగడు. ఎక్కడో లెక్క తప్పుతోంది.

పుస్తకం మీద నాకు అనుమానం లేదు. గజం గుడ్డలో అంగుళం తేడా రానివ్వని మనిషివి నువ్వు. నాకు తోచేది ఒకటే. నువ్వు ఇచ్చింది నువ్వు రాస్తున్నావు. నువ్వు చూడనప్పుడు తాగింది పుస్తకంలోకి రాదు కదా. బావ దొంగచాటుగా తాగుతున్నారు.

ఇది రాస్తుంటే నాకే బాగోలేదు. అమ్మానాన్న పోయాక నన్ను తన ఇంట్లో పెట్టుకుని, చదివించి, వేలు పట్టుకుని పని నేర్పిన మనిషి. కానీ దాహం ఎవరినైనా దొంగని చేస్తుంది. స్నానాల గదిలో చెంబు తీసెయ్. వంటగదికి తాళం వెయ్. ఈసారి వెళ్లినప్పుడు ఆయన ముందే డాక్టరమ్మకి చెప్పు, నాలుగు చీవాట్లు పెడుతుంది. నువ్వు చెబితే వినరు గానీ ఆమె చెబితే వింటారు.

పెద్దదానివి, నేను చెప్పేటంతవాణ్ణి కాను. అయినా కాస్త గట్టిగా ఉండు.

నీ తమ్ముడు


ఆగస్టు 6

చిన్నా,

ఇది కొరియర్లో పంపుతున్నాను. ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు కుదురుగా లేకపోతే సర్దుకుని చదువు.

నువ్వు చెప్పినట్టే చేశాను. చెంబు దాచాను. వంటగదికి తాళం వేశాను. తాళం కింద దుకాణంలోనే కొన్నాను, "దొంగల భయమా అమ్మా?" అని అడిగాడు అతను. మొన్న డాక్టరమ్మ దగ్గర ఆయన పక్కనే కూర్చుని, "మా తమ్ముడికి అనుమానంగా ఉంది, ఈయన నేను చూడకుండా నీళ్లు తాగుతున్నారేమో" అన్నాను. ఆమె కళ్లజోడు తీసి ఆయన కేసి చూసింది.

"నిజమేనా? ఆవిడ మీకోసం ఇంత కష్టపడుతుంటే మీరు చేసే పని ఇదా?"

మీ బావ తల వంచుకున్నారు. "అవునమ్మా. తప్పు నాదే" అన్నారు.

"ఎంత తాగుతున్నారు?"

"ఏదో, రెండు గుక్కలు."

రెండు గుక్కలకి మూడు కిలోలు రావని ఆమెకి తెలుసు, అందుకే మాత్రని అలాగే ఉంచింది. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. చూసి ఉంటే నేను అక్కడే చెప్పేసేదాన్నేమో.

ఆయన ఒక్క చుక్క కూడా దొంగచాటుగా తాగలేదు చిన్నా. ఇచ్చింది నేను.

జూలై పదో తారీఖున నీ ఉత్తరం ఇంకా రాలేదు. మధ్యాహ్నం నేను ఇస్త్రీ చేస్తూ, దారం అయిపోతే తెచ్చుకోడానికి కిందికి వెళ్లాను. వచ్చేసరికి ఇస్త్రీకి తడిపి పెట్టుకున్న గుడ్డ ఆయన నోట్లో ఉంది. చప్పరిస్తున్నారు. నన్ను చూసి తీసి బల్ల మీద పెట్టి, మడత కూడా సరిచేశారు. ఇంకేం చెయ్యాలో నాకు తోచలేదు. గ్లాసు నిండా పోసి ఇచ్చాను. ఇంకో గ్లాసు ఇచ్చాను. ఆ రోజు పదిహేను వందలు దాటి ఉంటుంది. రాద్దామని పెన్ను పట్టుకుని, తర్వాత రాద్దాంలే అని పక్కన పెట్టాను. అయిదారు రోజులకి నీ ఉత్తరం వచ్చింది. వెయ్యి దాటిన అంకె నాకు కనిపించకూడదు అని రాశావు. కనిపించకుండా చేశాను. ఒకేసారి కూర్చుని వరసగా వెయ్యి, వెయ్యి అని రాసుకుంటూ పోయాను. తర్వాత అదే అలవాటైంది. గ్లాసు ఆయన చేతికిచ్చి, పుస్తకంలో వెయ్యి వేసేదాన్ని.

నిన్న పొద్దున టీ తాగుతూ గుండె దడగా ఉందన్నారు. చెయ్యి పట్టుకుంటే నాడి ఇష్టమొచ్చినట్టు పరుగెడుతోంది, ఆగుతోంది, మళ్లీ పరుగెడుతోంది. ఇక్కడికి తెచ్చాను. ఛాతీకి వైర్లు అంటించారు. తెర మీద గీత ఎగుడుదిగుడుగా పోతోంది. పొటాషియం 2.7. సెలైన్‌లో కలిపి ఎక్కిస్తున్నారు. ఆ రెండింతల మాత్ర తోడేసిందట. ఆ మాత్రని రెండింతలు చేసింది నా పుస్తకం చూసి.

ఆ పుస్తకం ఇప్పుడు కూడా ఆయన మంచం చివర వేలాడుతోంది. వచ్చే ప్రతి డాక్టరూ దాన్నే తిరగేస్తున్నాడు. చెబితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? చెప్పకపోతే ఆయన్ని నా చేతులారా చంపుకున్నదాన్నవుతాను. నాకు భయంగా ఉంది.

అక్క


ఆగస్టు 9

అక్కా,

పొద్దున ట్యాంకెక్కి నీకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పాను, డాక్టరమ్మకి ఇప్పుడే చెప్పెయ్ అని. నువ్వు సరేనని పెట్టేశావు. మిగతాది ఫోన్లో చెప్పే మాట కాదు.

నీ పద్నాలుగు వెయ్యిలు చూసినప్పుడే నాకు తెలియాలి. తెలిసింది కూడా. బడిపిల్లల్లా వరసలో నిలబడ్డాయి. అలాంటి పేజీ ఇదివరకు చూశాను కాబట్టే తెలిసింది. కానీ నిన్ను అనడానికి నోరు రాక ఆ తప్పు బావ మీదికి తోశాను. ఆయన మీదికి తొయ్యడం నాకు కొత్త కాదు.

ఇరవై రెండేళ్ల కిందటి ఆ పేజీ నేను రాసింది. నా కుర్చీ రీడింగులు. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. పది రోజులపాటు బ్యాటరీ గదిలో అడుగు పెట్టకుండా గేటు ఎదురుగా టెలిఫోను బూత్‌లో గడిపాను. ఎవరితో మాట్లాడానో నీ మరదలికి తెలుసు. డ్యూటీ దిగే ముందు కుర్చీలో కూర్చుని యాభై అయిదు అంకెలు అల్లేసేవాణ్ణి. కింద బావ సంతకం పెట్టేవారు. నా మీద నమ్మకంతో చూడకుండా పెట్టారు. ఆయన చేసిన తప్పు అదొక్కటే. ముప్పై ఒకటో సెల్లు అప్పటికే చచ్చిపోయి ఉంది. దాని యాసిడ్ చిక్కదనం నేను ఎప్పటిలాగే 1205 అని రాశాను. కరెంటు పోయిన రోజు బ్యాటరీ చేతులెత్తేసింది, స్విచ్చి పడలేదు, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. మనుషులకేం కాలేదు, అది మన అదృష్టం.

విచారణలో బావని అడిగారు, ఈ అంకెలు ఎవరివని. "రీడింగు తీసింది నేను. నేను చెబుతుంటే ఇతను రాశాడు" అన్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. బయటికొచ్చాక కాళ్ల మీద పడబోతే రెక్క పట్టి లేపి, "నీది ఇంకా పర్మనెంటు కాని ఉద్యోగం, ఊడిపోతుంది. నాది ఊడదులే. అక్కకి చెప్పకు" అన్నారు. అంతే. ఆ తర్వాత ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నువ్వు మాత్రం ఏటా రెండుమూడుసార్లు ఆయన్ని దెప్పుతుంటే నేను అక్కడే కూర్చుని కంచంలోకి చూస్తూ తినేవాణ్ణి.

మళ్లీ ఇప్పుడు అదే పని. డాక్టరమ్మ ముందు ఆయన తల వంచుకున్నారని రాశావు కదా. ఆ తల వంచడం నాకు బాగా తెలుసు.

సెలవు అడిగాను. ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపిస్తావో, చించేస్తావో నీ ఇష్టం. నన్ను తిట్టాలనుకుంటే తిట్టు. అడ్డం చెప్పను.

తమ్ముడు


ఆగస్టు 23

చిన్నా,

ఇంటికి వచ్చేశాం. ఆయన నిద్రపోతున్నారు. గీత సరిగ్గా నడుస్తోంది, పొటాషియం 3.7, సోడియం 128.

డాక్టరమ్మకి చెప్పాను. నీ ఫోను పెట్టేసి, గ్లాసుడు నీళ్లు తాగి, వెళ్లి చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. పెన్నుకి మూత పెట్టి, "మీరు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయింది?" అని అడిగింది. అప్పుడు ఏడ్చాను. ఆసుపత్రిలో అదే మొదటిసారి. మాత్ర తగ్గించింది. "తాగితే తాగిందే రాయండి. అబద్ధపు వెయ్యికి నేనేమీ చెయ్యలేను. పదిహేను వందలైనా అది నిజమైతే దానికి తగ్గట్టు మందు మార్చగలను" అంది. ఇప్పుడు పద్నాలుగు వందల దాకా ఇవ్వొచ్చంది. ఆ సడలింపు ఎందుకో నాకు అర్థమైంది. గుండె మళ్లీ వెనకటిలా అవదట. నెలలా, ఏడాదా అని అడిగాను. నా భుజం మీద చెయ్యి వేసింది.

నీ ఉత్తరం మూడు రోజులు జాకెట్టులోనే దాచుకుని తిరిగాను. నిన్ను తిట్టాలని ఉంది. ఎన్ని రకాలుగా తిట్టాలో మిషను తొక్కుతూ అనుకున్నాను కూడా. కానీ ఏ తిట్టు మొదలుపెట్టినా అది చివరికి నా దగ్గరికే వస్తోంది. నువ్వు పదిరోజులు కుర్చీలో కూర్చుని రాశావు. నేను ఇరవై రెండేళ్లు ఆయన్ని అన్నాను. పక్కింటివాళ్ల ముందు అన్నాను, నీ పెళ్లిలో అన్నాను, మొన్న జూన్‌లో జబ్బుమంచం పక్కన కూర్చుని అన్నాను.

నిన్న చదివి వినిపించాను. కళ్లు మూసుకుని మొత్తం విన్నారు. ముప్పై ఒకటో సెల్లు అన్నచోట కళ్లు తెరిచారు.

"ముప్పై ఒకటి కాదే, ముప్పై నాలుగు. వీడు దాన్ని కూడా చూడకుండా రాశాడు."

నేను నవ్వలేదు. "ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"చెబితే వాణ్ణి తిట్టేదానివి. నన్నంటే నీకు అలవాటేగా" అన్నారు.

"నాకు తెలిసుంటే ఒక్క మాట అనేదాన్ని కాదండీ."

"నువ్వు అన్నన్ని రోజులూ వాడు అన్నం సరిగ్గా తినేవాడు కాదు. నేను సుబ్బరంగా తిన్నాను. ఎవరికి శిక్ష పడిందో నువ్వే చెప్పు."

అలా నవ్వేసి ఊరుకున్నారు. నేను ఊరుకోలేకపోయాను. ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. వాపు తగ్గి పాదాల మీద ఎముకలు కనిపిస్తున్నాయి. తప్పయిపోయిందని అన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదని అన్నాకే తెలిసింది.

తర్వాత పుస్తకం తెమ్మన్నారు. పద్నాలుగు వెయ్యిల పేజీ తీసి, కళ్లజోడు పెట్టుకుని, వేలితో పైనుంచి కిందిదాకా వచ్చారు. "మీ తమ్ముడికన్నా ఘోరం. వాడు కనీసం అటూ ఇటూ మార్చేవాడు" అన్నారు. చింపేద్దామని చెయ్యి పెట్టాను. ఆయన ఊరుకోలేదు. గీత కొట్టమన్నారు. ఒక్కొక్క రోజే గుర్తు చేసుకుంటూ ఇద్దరం కూర్చున్నాం. ఇస్త్రీ గుడ్డ రోజు, టిఫిను డబ్బా వెతికిన రోజు, తాళాల అతను బకెట్టు బోర్లించిన రోజు. 1550, 1400, 1620, ఇంచుమించుగా. ఆయన చెబుతుంటే రాశాను, కొన్ని నేను చెబితే ఆయన ఒప్పుకున్నారు. గీత కొట్టిన ప్రతి వెయ్యీ ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది.

అంతా అయ్యాక అలవాటుకొద్దీ పేజీ కింద సంతకం పెట్టడానికి పెన్ను ఇమ్మని చెయ్యి చాపారు.

ఇవ్వలేదు చిన్నా. నేనే పెట్టాను.

కాసేపు చాపిన చెయ్యి అలాగే ఉంచి, తర్వాత దుప్పటి మీద పెట్టుకున్నారు. నీకొక మాట చెప్పమన్నారు. ఆ పాత పుస్తకం ఇప్పుడు ఎక్కడుందో ఎవరికీ తెలియదు కాబట్టి నీ పది రోజులూ ఒక కాగితం మీద రాసి, గీత కొట్టి తెమ్మన్నారు. కింద నీ సంతకం నువ్వే పెట్టాలట. సరిగ్గా ఉందో లేదో చూడటానికి తను ఉండాలి కదా, సెలవు కోసం మరీ ఆలస్యం చేయొద్దన్నారు.

త్వరగా రా.

ఇవాళ తాగింది 1380. చూసే రాశాను, సంతకం నాదే.

అక్క